ఇంటి వీడియో టేపు నుంచి డీవీడీకి: వరంగల్ ప్రాంత మౌఖికసాహిత్య ఆధారాల పరిష్కరణ

వ్యాససంగ్రహం:
వరంగల్ ప్రాంతపు ఇళ్లలో వీహెచ్‌ఎస్ టేపులపై నమోదైన పెళ్లిళ్లు, బతుకమ్మ ఆటలు, మల్లన్న పట్నాలు జానపద పరిశోధనకు ప్రాథమిక ఆధారాలు. వాటిని డీవీడీలకు మార్చడం యాంత్రికమైన నకలు పని కాదని, తాళపత్రప్రతిని పరిష్కరించడం వంటి పని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. టేపులో దృశ్యం, శబ్దం నిలిచే తీరును, సంగ్రహణ పద్ధతిని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పాఠానికి జరిగే మేలు, కీడులను వివరిస్తుంది. మార్పులు చేయని సంగ్రహణప్రతిని మాతృకకు ప్రతినిధిగానూ, డీవీడీని పఠనప్రతిగానూ గుర్తించవలసిన అవసరాన్ని నిరూపిస్తుంది.

కీలకపదాలు: వీహెచ్‌ఎస్ టేపు, డీవీడీ, ఎడిటింగ్, పాఠపరిష్కరణ, ఒగ్గుకథ, బతుకమ్మ, వరంగల్.

1. ఉపోద్ఘాతం:

తెలుగు జానపదసాహిత్య పరిశోధన చాలాకాలం కాగితం మీద నడిచింది. వరంగల్ ప్రాంతీయుడైన ఆచార్య బిరుదురాజు రామరాజు తరం పరిశోధకులు ఊరూరా తిరిగి పాటలను వ్రాతలోకి తెచ్చారు. ఆ కృషి లేకపోతే ఈ శాస్త్రానికి తెలుగులో పునాదే లేదు. అయితే వ్రాతలోకి వచ్చేసరికి పాట సాహిత్యంగా మాత్రమే మిగులుతుంది. బతుకమ్మ పాటను ఎవరు ఎత్తుకున్నారు, వలయంలో ఎవరు అందుకున్నారు, చప్పట్లు పాదంలో ఎక్కడ పడ్డాయి, మరిచిన చరణాన్ని పక్కనున్న ముసలమ్మ ఎలా అందించింది అన్న విషయాలు అచ్చు పుటలో ఇమడవు. తరువాత ఆడియో క్యాసెట్ కొంత ఆదుకుంది. కానీ అడుగును, ముఖాన్ని, పట్నం ముగ్గును అది చూపలేదు.

ఈ లోటును తీర్చే ఆధారాలు విశ్వవిద్యాలయాల బీరువాలలో కంటే ఎక్కువగా ఇళ్లలోనే ఉన్నాయి. 1982లో దేశంలో రంగుల టీవీ ప్రసారాలు మొదలైన తరువాత వీడియో క్యాసెట్ పట్టణాలకు, ఆపైన పల్లెలకు చేరింది. ఇంట్లో క్యాసెట్ ఆడించే యంత్రం లేని కుటుంబాలు కూడా పెళ్లికి వీడియో తీయించుకున్నాయి. ఆ టేపుల్లో నలుగు పాటలున్నాయి, అప్పగింతల పాటలున్నాయి. హన్మకొండ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మనాటి సందడి ఉంది. మల్లన్నకు మొక్కుకున్న ఇళ్లలో ఒగ్గు పూజారులు పట్నం వేసి, రాత్రంతా కథ చెప్పిన దృశ్యాలున్నాయి. తీయించినవారి దృష్టిలో అది కుటుంబ జ్ఞాపకం. పరిశోధకుడికి మాత్రం అది తేదీ, స్థలం, కళాకారుడు, శ్రోత అన్నీ ఒకేచోట దొరికే క్షేత్రపర్యటన సామగ్రి. పరిశోధకుడు చేయని క్షేత్రపర్యటన అని చెప్పినా తప్పు లేదు.

జనగామ ప్రాంతపు మాణిక్యపురానికి చెందిన ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆయన ప్రసిద్ధుడు కనుక ఆయన కథాగానపు ఆనవాళ్లు పలుచోట్ల మిగిలాయి. పేరు ఊరు దాటని కథకుల విషయం వేరు. అటువంటివారి గొంతు ఈనాడు వినిపించాలంటే ఎవరో ఒకరి అటక మీది క్యాసెట్టే గతి.

ఆ గతి కూడా ఎంతోకాలం ఉండదు. 1976లో జపాన్‌లో జేవీసీ సంస్థ ప్రవేశపెట్టిన వీహెచ్‌ఎస్ విధానంలో యంత్రాలను చివరివరకు తయారుచేస్తూ వచ్చిన ఫునాయ్ సంస్థ 2016 జూలైలో ఉత్పత్తి నిలిపివేసింది. 2019లో యునెస్కో, అంతర్జాతీయ శబ్ద, దృశ్య భాండాగారాల సంఘం కలిసి అయస్కాంత టేపుల విషయమై ప్రపంచవ్యాప్తంగా హెచ్చరిక కార్యక్రమాన్ని చేపట్టాయి. టేపు పాడవడం ఒక సమస్య. టేపు బాగున్నా దాన్ని చదివే యంత్రం, ఆ యంత్రాన్ని బాగుచేసే మెకానిక్ లేకపోవడం అంతకంటే దగ్గరగా వచ్చిన సమస్య.

2. టేపులో పాఠం ఉండే తీరు:

వీహెచ్‌ఎస్ టేపు వెడల్పు అర అంగుళం. మూడు గంటల క్యాసెట్‌లో దాదాపు 250 మీటర్ల టేపు ఉంటుంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో దృశ్యానికి 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కొక్క ఫ్రేము తిరిగి రెండు ఫీల్డులు. బేసి గీతలు ఒక ఫీల్డు, సరి గీతలు మరొక ఫీల్డు. ఈ రెండూ ఒకే క్షణానివి కావు, సెకనులో యాభయ్యో వంతు తేడాతో నమోదైనవి. యంత్రంలో గిర్రున తిరిగే డ్రమ్ముకు అమర్చిన హెడ్లు టేపు మీద ఏటవాలుగా ఒక్కొక్క ఫీల్డును ఒక్కొక్క గీతగా వ్రాస్తాయి.

శబ్దం సంగతి వేరు. సాధారణ శబ్దం టేపు అంచున నిలువుగా, టేపు నడిచే వేగంతోనే నమోదవుతుంది. ఆ వేగం సెకనుకు సుమారు 2.3 సెంటీమీటర్లు. ఆడియో క్యాసెట్ వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. అంటే వీడియో టేపు అంచు శబ్దం మామూలు ఆడియో క్యాసెట్ కంటే కూడా నాసిగా ఉండడం సహజం. ఒకే ప్రదర్శనకు వీడియో, ఆడియో క్యాసెట్లు రెండూ దొరికితే, పాఠలేఖనానికి ఆడియోను, ప్రదర్శన వర్ణనకు వీడియోను ఆధారం చేసుకోవడం మేలు. కొన్ని యంత్రాలలో హై-ఫై అనే మరొక శబ్దమార్గం ఉంది. అది దృశ్యం కిందనే, అదే ఏటవాలు గీతలలో లోతుగా నమోదవుతుంది. ఈ రెండు మార్గాల భేదం పాఠపరిష్కర్తకు ఎంత ఉపయోగమో 4వ భాగంలో తెలుస్తుంది.

3. మాతృకను చదవడం:

టేపును యంత్రంలో పెట్టేముందు కంటితో పరీక్షించాలి. క్యాసెట్ గాజు కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లని బూజు కనిపించవచ్చు. వానకాలపు తేమలో అటక మీద ఉన్న టేపులకు ఇది సాధారణం. బూజు పట్టిన టేపును ఆడిస్తే హెడ్లు చెడతాయి, ఆ తరువాత అదే యంత్రంలో పెట్టిన మంచి టేపుకూ బూజు అంటుతుంది. అటువంటి వాటిని విడిగా ఉంచి, శుభ్రం చేయించిన తరువాతనే ఆడించాలి. చల్లగా, పొడిగా ఉంచడమే టేపుకు మందు. సుమారు 18 నుంచి 20 డిగ్రీల ఉష్ణోగ్రత, 30 నుంచి 40 శాతం తేమ ఆదర్శమని చెబుతారు. మే నెల వరంగల్‌లో అది ఏసీ గదికి మాత్రమే సాధ్యం కనుక, సామాన్య కుటుంబం చేయగలిగింది త్వరగా సంగ్రహించడం ఒక్కటే.

క్యాసెట్ వెన్నుమీద ఉండే చిన్న ప్లాస్టిక్ మీటను విరిచేస్తే దానిపై పొరపాటున మరొకటి రికార్డు కాదు. ఈ పని మొట్టమొదట చేయాలి. పెట్టె మీది చీటీని, చేతివ్రాతను, స్టూడియో ముద్రను ఫొటో తీసుకోవాలి. తరువాత టేపును ఒకసారి చివరివరకు ముందుకు, మళ్లీ వెనక్కు నడిపిస్తే చుట్ట సమంగా బిగుస్తుంది. శిథిలమైన టేపుకు రెండో అవకాశం ఉండకపోవచ్చు కనుక ప్రయత్నంగా ఆడించే మొదటిసారి కూడా రికార్డు చేస్తూనే ఉండాలి.

యంత్రం నుంచి కంప్యూటర్‌కు సంకేతం చేరే దారిలో నాణ్యత పోయే చోట్లు చాలా ఉన్నాయి. వాటిలో పరిశోధనను నేరుగా దెబ్బతీసేది ఒకటుంది. పాత టేపులో గీతల నిడివి క్షణక్షణం స్వల్పంగా మారుతుంటుంది. దీన్ని సరిదిద్దే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం లేకపోతే, క్యాప్చర్ పరికరం అర్థంకాని ఫ్రేములను వదిలేస్తుంది. నిమిషానికి ఒక్క ఫ్రేము చొప్పున జారినా, గంట గడిచేసరికి 60 ఫ్రేములు, అంటే 2.4 సెకన్లు పోతాయి. బతుకమ్మ వలయంలో చప్పట్లు కనిపించే చోట చప్పుడు వినిపించదు. లయను గురించి, అడుగుకు పాదానికి గల సంబంధాన్ని గురించి అటువంటి ప్రతిని బట్టి చేసే నిర్ధారణకు విలువ లేదు. కనుక సంగ్రహణ పూర్తయ్యాక సాఫ్ట్‌వేర్ చూపే జారిన ఫ్రేముల లెక్కను చూసి నమోదు చేసుకోవాలి.

సంగ్రహణకు ఎంచుకునే రూపం మరో నిర్ణయం. పాల్ దృశ్యాన్ని 720×576 కొలతలో, ఫీల్డులను విడదీయకుండా, ఏ కుదింపూ లేకుండా నిల్వ చేస్తే గంటకు దాదాపు 75 గిగాబైట్లు అవుతుంది. నష్టంలేని కుదింపు పద్ధతులైన ఎఫ్‌ఎఫ్‌వీ1, హఫ్‌వైయూవీలు దాన్ని చాలావరకు తగ్గిస్తాయి, ఒక్క చుక్కనూ పోగొట్టవు. పాత డిజిటల్ క్యామ్‌కార్డర్ల డీవీ రూపం గంటకు సుమారు 13 గిగాబైట్లు. ఇందులో కొంత నష్టం ఉన్నా ఎడిటింగ్‌కు అనుకూలం. నేరుగా డీవీడీ రికార్డర్‌లోకి ఎక్కించే పద్ధతి అన్నిటికంటే సులువు, అన్నిటికంటే నష్టం.

అమెరికా బంధువులు పంపిన టేపులు కొన్ని ఇళ్లలో ఉంటాయి. అవి 525 గీతల, సెకనుకు సుమారు 30 ఫ్రేముల ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. రెండు పద్ధతులూ చదివే యంత్రంతో, ఏ పద్ధతిదాన్ని ఆ పద్ధతిలోనే సంగ్రహించాలి. ప్రవాసాంధ్రుల తొలితరం బతుకమ్మలకు, ఉగాదులకు ఇవే సాక్ష్యాలు.

4. ఎడిటింగ్ - పరిష్కరణ హద్దులు:

షాట్‌కట్, కేడెన్‌లైవ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు, డావిన్సీ రిజాల్వ్, ప్రీమియర్ వంటి వృత్తిపరమైన సాఫ్ట్‌వేర్లు నేడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వీటితో పని నేర్చుకోవడం కష్టం కాదు. వీటితో ఏమి చేయకూడదో తెలియడం కష్టం. ప్రాచీన కావ్యాల పరిష్కర్తలకు తెలిసిన వివేకమే ఇక్కడ కావాలి. శిథిలమైన చోట తన కవిత్వం పూరించినవాడిని పరిష్కర్త అనరు.

4.1. ప్రక్షిప్తమైన సినిమా పాట:

పెళ్లి వీడియోల్లో మౌఖికసాహిత్యానికి జరిగిన అతిపెద్ద నష్టం టేపు చెడడం వల్ల కాదు, ‘మిక్సింగ్’ వల్ల. స్టూడియోలో టేపును కూర్చేటప్పుడు మంగళసూత్రధారణకో, అప్పగింతలకో సినిమా పాట వేసి, అసలు శబ్దాన్ని తీసేయడం ఆనాటి రివాజు. తెర మీద ముత్తైదువలు పాడుతుంటారు, వారి పెదవులు కదులుతుంటాయి, వినిపించేది మాత్రం సినిమా నేపథ్యగానం. వారి పాట పోయింది. ఇది ప్రక్షిప్తం కంటే దారుణం. ప్రక్షిప్త పద్యం మూలపద్యం పక్కన చేరుతుంది, ఇక్కడ మూలాన్ని తుడిచి దాని చోటనే కూర్చుంది.

అయినా రెండు దారులున్నాయి. మొదటిది, కెమెరాలో మొదట నమోదైన మూల క్యాసెట్లను వెదకడం. కుటుంబానికి అందేది మిక్సింగ్ చేసిన నకలు. మూలం స్టూడియోలోనో, వీడియో తీసినవారి ఇంట్లోనో మిగిలి ఉండవచ్చు. పేరుపొందిన గ్రంథపు నకళ్లు ఎన్ని ఉన్నా పరిష్కర్త ప్రాచీనప్రతి కోసం వెదుకుతాడు, ఇదీ అంతే. రెండవది సాంకేతికం. ముందే చెప్పినట్లు హై-ఫై శబ్దం దృశ్యంతో కలిసి ఉంటుంది, దృశ్యాన్ని చెరపకుండా దాన్ని చెరపడం కుదరదు. హై-ఫై యంత్రంతో నమోదై, తరువాత అదే టేపు మీద పాటను అతికించి ఉంటే, ఆ పాట అంచు మార్గంలో మాత్రమే చేరుతుంది. కనుక హై-ఫై ఉన్న యంత్రంలో ఆ టేపును ఆడించి రెండు మార్గాలనూ వేరువేరుగా వినాలి. చెరిపి వ్రాసిన పత్రం అడుగున పాత అక్షరాలు కనిపించినట్లు, ముత్తైదువల పాట అడుగు మార్గంలో వినిపించే అవకాశం ఉంది. మిక్సింగ్ కొత్త టేపు మీదికి జరిగి ఉంటే మాత్రం ఈ దారి మూసుకున్నట్లే. ఏదైనా, రెండు శబ్దమార్గాలను విడివిడిగా సంగ్రహించకుండా కలిపేయడం ఎప్పుడూ మంచిది కాదు.

4.2. కత్తిరింపులు, గ్రంథపాతాలు:

ఎడిటింగ్ అంటే ముందుగా గుర్తుకు వచ్చేది కత్తిరింపు. కుటుంబం కోసం చేసే డీవీడీలో మొదట తొలగించేవి ఖాళీ నిమిషాలు: డోలు బిగించుకోవడం, గజ్జెలు కట్టుకోవడం, కథకుడు బీడీ కాల్చుకుంటూ వంతగాడితో మాట్లాడడం, పట్నానికి పసుపు, కుంకుమ, పిండి సిద్ధం చేయడం. జానపద పరిశోధకుడికి ఇవే ముఖ్యం. కథ పాఠాన్ని మరో ఊళ్లో, మరో కథకుడి దగ్గర వినవచ్చు. ఆ రాత్రి ఆ ఇంట్లో కథ ఎలా మొదలైందన్నది మరెక్కడా దొరకదు.

ఇక అసలు గ్రంథపాతాలు వేరే ఉన్నాయి. బీరప్ప కథో, ఎల్లమ్మ కథో రాత్రంతా సాగుతుంది, క్యాసెట్ మూడు గంటలకు అయిపోతుంది. క్యాసెట్ మార్చిన వ్యవధిలో కొంత కథ పోతుంది. ఎడిటర్ రెండు టేపుల కొసలను కలిపి, మధ్యలో ఒక దృశ్యం మరొక దృశ్యంలో కరిగిపోయే డిజాల్వ్ వేస్తే అతుకు కనిపించదు. ఆ డీవీడీని చూసి పాఠలేఖనం చేసిన విద్యార్థి, కథకుడు ఒక ఘట్టాన్ని దాటవేశాడని, అది ప్రాంతీయ పాఠాంతరమని నిర్ధారించే ప్రమాదం ఉంది. లేని పాఠాంతరం మీద ఒక అధ్యాయమే నిలబడవచ్చు. టేపు ముగిసిన చోట నల్లని తెర మీద ‘ఒకటవ టేపు సమాప్తం’ అని అక్షరాలలో చూపడం, చుక్కలు పెట్టి గ్రంథపాతం సూచించడం వంటిదే. టేపు నలిగి దృశ్యం చెదిరిన చోట్లకు కూడా ఇదే నియమం.

4.3. శుద్ధి పేరుతో జరిగే నష్టం:

శబ్దశుద్ధి సాధనాలు మానవకంఠాన్ని ఉంచి, మిగిలినదాన్ని రొదగా భావించి తగ్గిస్తాయి. ఒగ్గుకథలో తాళాల చప్పుడు, వంతగాళ్ల ఊకొట్టు, శ్రోతల నవ్వు రొద కావు, ప్రదర్శనలో భాగాలు. కథకుడు ఎవరి నవ్వుకు కథను పెంచాడో, ఎవరు లేచి వెళ్తుంటే కుదించాడో తెలిసేది ఆ ‘రొద’ వల్లనే. శుద్ధిచేసిన శబ్దంతో పాఠలేఖనం సులువవుతుంది, అది నిజమే. అందుకు విడిగా ఒక పనిప్రతి చేసుకోవచ్చు.

దృశ్యం విషయంలో డీఇంటర్‌లేసింగ్ అనే ప్రక్రియ గమనార్హం. కంప్యూటర్ తెర మీద కదలిక అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తాయి. వాటిని పోగొట్టడానికి సాఫ్ట్‌వేర్ రెండు ఫీల్డులను కలిపి సెకనుకు 25 నిండు ఫ్రేములుగా మారుస్తుంది. కంటికి హాయిగా ఉంటుంది. కానీ టేపులో సెకనుకు 50 క్షణాలు నమోదై ఉన్నాయి, వాటిలో సగం పోతాయి. డోలు పుల్ల దెబ్బను, కోలాటం అడుగును ఫ్రేము ఫ్రేముగా పరిశీలించేవారికి ఇది తీరని నష్టం. తప్పనిసరైతే సెకనుకు 50 ఫ్రేములు మిగిలేలా చేయాలి.

కెమెరా వేసిన తేదీ తెర మూలన కనిపిస్తుంటే అందవికారమని కత్తిరించడం కూడా సరికాదు. అది లేఖకుడు ప్రతి చివర వ్రాసిన గద్య వంటిది. లేఖకగద్యను నమ్మినట్లే దాన్నీ అనుమానంతో నమ్మాలి. గడియారం సరిచేయని కెమెరా పుష్యమాసపు ఐనవోలు జాతరకు జూలై తేదీ వేయగలదు. ఆకాశం, పంట, పండుగ, పెళ్లిపత్రిక వంటి ఇతర సాక్ష్యాలతో పోల్చి కాలనిర్ణయం చేయాలి.

5. డీవీడీ - పఠనప్రతి:

డీవీడీ సామర్థ్యం 4.7 గిగాబైట్లు. దీనిలోని దృశ్యం ఎంపెగ్-2 పద్ధతిలో కుదించి ఉంటుంది, దృశ్యానికి గరిష్ఠవేగం సెకనుకు 9.8 మెగాబిట్లు. ఒక గంట నిడివికి ఇది చక్కగా సరిపోతుంది. రెండు గంటలు ఎక్కిస్తే శబ్దంతో కలిపి సెకనుకు సుమారు 5.2 మెగాబిట్లు, మూడు గంటల టేపు మొత్తం ఎక్కిస్తే 3.5 మెగాబిట్ల లోపే దక్కుతాయి. రాత్రి వెలుతురులో, కదిలే జనంతో, టేపు మచ్చలతో నిండిన దృశ్యం అంత తక్కువలో ఇమడదు. ముఖాలు గళ్లుగళ్లుగా విడిపోతాయి. కనుక మూడు గంటల టేపుకు రెండు డిస్కులు వాడాలి.

డీవీడీకి ఉన్న నిజమైన సౌలభ్యం అధ్యాయ విభజన. డీవీడీ స్టైలర్ వంటి ఉచిత సాధనంతో కథాఘట్టాల చోట విరామాలు పెట్టి, తెలుగులో పట్టిక చూపవచ్చు. గణపతి ప్రార్థన, పట్నం వేయడం, మల్లన్న పెళ్లి, మంగళహారతి అని వరుసగా ఉంటే, కథకుడి కుటుంబానికి ఇచ్చినా, తరగతి గదిలో చూపినా సార్థకంగా ఉంటుంది. టేపు ఇచ్చిన ఇంటికి ఇటువంటి డిస్కు తిరిగి ఇవ్వడం మర్యాద కూడా.

కానీ దాని బతుకు పరిమితం. ఇంట్లో వ్రాసుకునే డిస్కులలో సమాచారం రంగుపొర మీద ఉంటుంది. ఎండ, వేడి, గీతలు దాన్ని దెబ్బతీస్తాయి. నేటి ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే లేదు. టేపును డీవీడీ చేయించాం కదా అని టేపును పారేసిన ఇల్లు, తాళపత్రాన్ని గోదావరిలో కలిపి సంక్షిప్త వచనాన్ని దాచుకున్న ఇల్లు వంటిది. సంగ్రహణప్రతిని రెండు వేర్వేరు హార్డ్ డిస్కులలో, రెండు వేర్వేరు చోట్ల ఉంచి, ఫైలు మారలేదని నిర్ధారించే చెక్‌సమ్‌ను ఏడాదికొకసారి సరిచూడాలి. టేపును కూడా నిలువుగా నిలబెట్టి దాచాలి.

6. ఉటంకింపు, హక్కులు:

సిద్ధాంతవ్యాసాలలో వీడియో ఆధారాన్ని ‘క్షేత్రపర్యటన వీడియో’ అని మాత్రమే చూపే అలవాటు పోవాలి. పుటసంఖ్య లేని ఉటంకింపును ఏ పర్యవేక్షకుడూ అంగీకరించడు, గంట-నిమిషం-సెకను లేని వీడియో ఉటంకింపూ అటువంటిదే. ఆ కాలసూచన సంగ్రహణప్రతిది కావాలి. ఎడిట్ చేసిన డీవీడీలోని 42వ నిమిషం, టేపులో ఒక గంట పదో నిమిషం కావచ్చు. నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ రూపొందించిన ఎలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దృశ్యం కిందనే కథకుడి మాట, వంత మాట, శ్రోత మాట వేర్వేరు వరుసలలో తెలుగు లిపిలో వ్రాసుకోవచ్చు. ప్రతి మాటకూ కాలం దానంతట అదే జతపడుతుంది. 1982లో ఏర్పడి, గురుగ్రామ్‌లో ఉన్న అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత భాండాగారం వంటి చోట్ల ఆధారంతో పాటు దాని వివరాలను కూడా భద్రపరిచే పద్ధతిని గమనించవచ్చు. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞానపీఠం, కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. సంగ్రహణప్రతులకు ఒకే తరహా వివరపట్టికను నిర్ణయించుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు తెలుగు నేలపై అరుదు. ఆ పట్టికలో యంత్రం పేరు, సంగ్రహణ తేదీ, వాడిన రూపం, జారిన ఫ్రేముల లెక్క, శబ్దమార్గాలు, చేసిన ప్రతి మార్పూ ఉండాలి.

హక్కుల ప్రశ్న మిగిలింది. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 38వ సెక్షన్ ప్రకారం ప్రదర్శకుడికి తన ప్రదర్శనపై యాభై ఏళ్ల హక్కు ఉంది. 1995లో ఒక ఇంట్లో కథ చెప్పిన ఒగ్గు కళాకారుడి హక్కు 2045 వరకు చెల్లుతుంది. టేపు సొంతదారుడి అనుమతి ఒక్కటే చాలదు, కథకుడి లేదా ఆయన వారసుల అనుమతి కూడా కావాలి. ఇంటి టేపులో ఆ ఇంటి ఆడవాళ్ల కన్నీళ్లు, పేచీలు, మరణించినవారి ముఖాలు కూడా ఉంటాయి. పరిశోధనకు అక్కరలేని ఆ భాగాలను సంగ్రహణప్రతి నుంచి చెరపనక్కరలేదు, బయటికి ఇచ్చే ప్రతిలో ఉంచనూ అక్కరలేదు. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు, ఎవరి కోరిక మీద తీసివేశారో పట్టికలో ఒక పంక్తి వ్రాస్తే సరిపోతుంది.